అతుకు సాలు

గాలివాన తగ్గిన మర్నాడు పొద్దున్నే మా మేనత్త చేలోకి వెళ్లి, గట్టు మీదే ఆగిపోయింది. జొన్న చేను మొత్తం ఒక పక్కకి ఒరిగి ఉంది. పూర్తిగా పడలేదు, అలాగని నిలబడీ లేదు. బస్సులో నిద్రపట్టిన మనిషి పక్కవాడి భుజం మీదకి వాలినట్టు, ఒక కాడ మీద ఇంకో కాడ, దాని మీద మరో కాడ. కంకులు గట్టిపడి కోతకి సిద్ధంగా ఉన్నాయి. ఆమె వంగి ఒక కాడని అడుగున వేళ్లతో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది. లోపలంతా కుళ్లు. గాలి చేసిందేమీ లేదు, అప్పటికే కాళ్లలో సత్తువ పోయిన పంటని ఒక తోపు తోసింది, అంతే.

ఇంకో వాన పడితే వాలినవన్నీ నేలకి అంటుకుంటాయి. నేలకంటిన కంకి చేలోనే మొలకెత్తుతుంది. అప్పటికి వరసగా రెండేళ్లు ఆమెకి పంట చేతికి రాలేదు. మొదటి ఏడు మామయ్య ఆస్పత్రిలో ఉన్నాడు, కోసే దిక్కులేక చేను ఎండి రాలిపోయింది. రెండో ఏడు పురుగు తినేసింది. పొలం వాళ్లది కాదు, కౌలుది. ఈసారి కూడా గింజ ఇంటికి రాకపోతే పొలం పక్కాయనకి ఇచ్చేస్తానని యజమాని విత్తనాలప్పుడే చెప్పాడు. చెప్పి మొహం పక్కకి తిప్పుకున్నాడట. చెడ్డవాడు కాదు. పట్నంలో కళ్లజోళ్ల షాపు ఉంది కాబట్టి మా ఇంట్లో అందరూ ఆయన్ని కళ్లజోళ్లాయన అంటారు.

మా అత్తకీ ఒక పేరుంది, బోల్టత్త. మామయ్య పాత చొక్కాలు తొడుక్కుని తిరుగుతుంది. వాటి జేబుల్లో నట్లు, బోల్టులు, వాషర్లు ఎప్పుడూ గలగలలాడుతుంటాయి. ఒకసారి ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే గుండె పక్కనే బోల్టు కనపడి డాక్టరు గాభరాపడ్డాడట. "అదా, అది ట్రాక్టరుదండీ," అని తీసి చూపించిందట అత్త. ఈ కథ ఎవరు చెప్పినా డాక్టరు గాభరా ఇంకొంచెం పెరుగుతుంది.

మామయ్య పదిహేను ఇరవై ఏళ్లు ఆ పొలంలోనే కోత మిషన్ తోలాడు. ఒక వానరోజు మిషన్ నిచ్చెన మీంచి జారి వెల్లకిలా పడ్డాడు. నడుము కింద నుంచి కాళ్లు మాట వినడం మానేశాయి. అప్పట్నుంచి ముందు గదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఉంటాడు. ఇల్లు పొలానికి ఎదురుగానే ఉంది. కిటికీలోంచి రోడ్డు, రోడ్డవతల చేను, ఈ పక్కన రేకుల షెడ్డు కనపడతాయి. ఆ రెండేళ్లలో ఆయన నోటినుంచి వచ్చిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టీ చల్లారిందనీ, ఫ్యాన్ వెయ్యమనీ, తలుపు వెయ్యమనీ.

వాళ్ల మిషన్‌కి రెండు మూతులున్నాయి. మిషన్ ముందు తగిలించి, పంటని కోసి లోపలికి అందించే భాగాన్ని కంపెనీవాళ్లు హెడర్ అంటారు. మా అత్తావాళ్లు మూతి అనే అంటారు. కొత్తది వెడల్పు మూతి. దానికి కింద ఈ చివర నుంచి ఆ చివరకి రంపంలాంటి కత్తి ఉంటుంది, సాళ్లతో పనిలేదు, ఎక్కడ పడితే అక్కడ నుంచి కోసుకుంటూ పోవచ్చు. మామయ్య ముచ్చటపడి కొన్నది అది. పాతది సాళ్ల మూతి. ఆరు సాళ్లకి ఆరు నోళ్లు, నోటికీ నోటికీ మధ్య పొడుగాటి రేకు ముక్కులు. ఆ పాతది షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లో పడి ఉంది. మామయ్య దాన్ని ఎన్నోసార్లు తుక్కుకి అమ్మేయాలని చూశాడు. తుక్కు కొనేవాడి బండి చప్పుడు వినపడ్డప్పుడల్లా అత్త వెళ్లి దాని మీద తడిబట్టలు ఆరేసేది.

ఆ పొద్దున అత్త వెడల్పు మూతితోనే మొదలుపెట్టింది. చేను చివరిదాకా వెళ్లి, దిగి, వెనక్కి చూసింది. కంకులన్నీ నేలమీద ఉన్నాయి. వాలిన కాడలు కత్తి కిందనుంచి జారిపోతున్నాయి, జారనివి ముందుకి విరిగి పడుతున్నాయి. ఇంతలో పక్క పొలం ఆయన తన మిషన్ వేసుకొచ్చాడు. అత్త ఆయన్ని అన్నయ్య అని పిలుస్తుంది. పొలం చేజారితే వెళ్లేది ఆయన చేతికే. అయినా పిలవకుండానే వచ్చాడు. ఒక వరస కోసి, ఆయనా దిగి వెనక్కి చూశాడు.

"నీ మూతీ అంతే, నా మూతీ అంతే చెల్లెమ్మా. కిందనుంచి జారిపోతున్నాయి."

"నెమ్మదిగా తోలితే?"

"నెమ్మదిగా తోలితే నెమ్మదిగా జారిపోతాయి."

"మనుషుల్ని పెట్టి కోయిస్తే?"

"ఎక్కడున్నారు మనుషులు? అందరి చేలూ ఇలాగే ఉన్నాయి. మా బావమరిదే ఫోన్ ఎత్తట్లేదు."

సాయంత్రం కళ్లజోళ్లాయన కారులో వచ్చాడు. బురదకి భయపడి దిగలేదు, అద్దం దించాడు.

"ఏమ్మా, ఏమైనా వచ్చేలా ఉందా?"

"వస్తుంది సార్."

"ఎలా వస్తుంది?"

"వస్తుంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చేను వైపు చూశాడు. తుడిచినందువల్ల చేను ఏమీ లేచి నిలబడలేదు. "పక్కాయన మాట చెప్పమంటున్నాడమ్మా," అని మాత్రం అని, అద్దం ఎత్తుకున్నాడు. వానలు మళ్లీ మొదలవుతాయని రేడియో చెబుతూనే ఉంది, ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి.

కారు మలుపు తిరగ్గానే అత్త కొడవలి తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లి మొక్కలు నరకడం మొదలుపెట్టింది.

వాలిన పంటకి పాత మూతే గతి అని ఆమెకి ముందే తెలుసు. దాని ముక్కులు నేలని రాసుకుంటూ వాలిన కాడల కింద దూరి పైకి లేపుతాయి. ప్రతి నోట్లోనూ పళ్లున్న రెండు రబ్బరు పట్టీలు ఎదురెదురుగా తిరుగుతూ, కాడని రెండు అరచేతుల మధ్య పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. అడుగున గుండ్రటి కత్తి కోస్తుంది. కోసింతర్వాత కూడా పట్టీలు కాడని వదలవు, తీసుకెళ్లి లోపలికి అప్పగిస్తాయి. ఆ పద్ధతిలో కంకి నేలపాలయ్యే వీలు తక్కువ. కాకపోతే ఆ పట్టీలు పనిచెయ్యాలి. నోళ్లలో ఒకదాంట్లో తొండలు కాపురం పెట్టాయి. ఇంకోదాంట్లో పట్టీ ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

ట్రాక్టరుకి గొలుసు కట్టి మూతిని షెడ్డు ముందుకి లాగేసరికి కిటికీలోంచి మాట వినపడింది.

"ఆ తుక్కుని ఎందుకు లాగుతున్నావు?"

"బట్టలు ఆరేసుకోడానికి."

ఆయన మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు అత్త ఒక పట్టీ ముక్క పట్టుకుని స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లింది. షాపతను దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది నేను పుట్టకముందే ఆపేశారమ్మా. మ్యూజియంకి ఇస్తే తీసుకుంటారు," అన్నాడు. బేరింగులు మాత్రం దొరికాయి. గ్రీజు డబ్బా, గ్రైండర్‌కి రాళ్లు కొని, పట్టీ ముక్కని మళ్లీ సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఆరు నోళ్లనీ విప్పి పట్టీలన్నీ తీసింది. పన్నెండింటిలో ఆరు కాస్త గట్టిగా ఉన్నాయి. వంచితే పగుళ్లు కనపడుతున్నాయి కానీ తెగడం లేదు. ఆరు పట్టీలంటే మూడు నోళ్లకి సరిపోతాయి. మధ్య నోళ్లు మూడు ఎంచుకుంది. గేర్ పెట్టెల్లో ఎండిపోయిన గ్రీజుని కిరసనాయిలుతో కడిగింది. తుప్పుపట్టిన బోల్టు ఒకటి రాకపోతే వేడిచేసి, సుత్తితో కొట్టి, తిట్టి, మళ్లీ వేడిచేసింది. కత్తులు దించి పదునుపెట్టింది. తిరిగే కత్తికీ కదలని కత్తికీ మధ్య ఒక కాగితం దూరేంత సందు మాత్రమే ఉండాలి, అంతకంటే ఎక్కువుంటే కోయదు, నములుతుంది. వేళ్ల కొసలు చిట్లి, కట్లు కట్టుకుంటే పానా జారిపోతోందని కట్లు కూడా విప్పేసింది.

పట్టీలు బిగించే పని వచ్చేసరికి మూతిని కిటికీకి ఎదురుగా తెచ్చి పెట్టుకుంది. అక్కడ వెలుతురు బావుంటుందని అత్త అంటుంది. ఒక నోట్లో రెండు పట్టీలూ ఎక్కించి చేత్తో తిప్పి చూస్తుండగా లోపలినుంచి మాట వచ్చింది.

"పళ్లు ఎదురెదురు పెట్టావు. ఢీకొట్టుకుంటాయి. దీని పన్ను దాని సందులోకి రావాలి."

అత్త తలెత్తలేదు. "ఇలాగా?"

"ఇంకొంచెం జరుపు. ఒక పన్ను దాటించు. ఆఁ."

ఆ సంగతి అత్తకి తెలీనిది కాదు. తెలిసే తప్పుపెట్టిందో, నిజంగానే పొరపాటు పడిందో, ఎన్నిసార్లు అడిగినా చెప్పదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆయన కుర్చీని కిటికీకి ఇంకా దగ్గరికి జరిపించుకున్నాడు. సాయంత్రానికి, "మూడు నోళ్లతో ఎప్పటికి అవుతుంది ఇంత చేను," అన్నాడు.

"పట్టీలు మూడింటికే ఉన్నాయి."

"నాలుగోదానికి నేను చేస్తా."

అత్త చేతిలో పానా ఆగిపోయింది. రెండేళ్లలో ఆయన ఏదైనా చేస్తానని అనడం అదే మొదలు.

అప్పుడే ఆమెకి గుర్తొచ్చింది. నాలుగు నోళ్లతో ఆ చేను కోయడం కుదరదు.

ఎందుకు కుదరదో చెప్పాలంటే విత్తనాల రోజుకి వెళ్లాలి. వాళ్ల విత్తే గొర్రు ఒక్కసారికి ఆరు సాళ్లు వేస్తుంది. ఆ ఆరూ ఎప్పుడూ సమానంగానే ఉంటాయి, ఎందుకంటే గొర్రు పళ్లు కదలవు. చివర తిరిగొచ్చి పక్కన మళ్లీ ఆరు వేసేటప్పుడు, పోయినసారి చివరి సాలుకీ ఇప్పటి మొదటి సాలుకీ మధ్య ఎంత ఎడం ఉంటుందనేది మాత్రం తోలే మనిషి కన్ను మీద ఆధారపడుతుంది. దాన్ని అతుకు సాలు అంటారు. మామయ్య తోలిన రోజుల్లో అతుకు ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు. ముందటేడు ట్రాక్టరుకి మనిషిని మాట్లాడుకున్నారు, ఆ ఏడు మొదటిసారి అత్త ఒక్కతే ట్రాక్టరు తోలి విత్తింది. అతుకులు ఒకచోట బెత్తెడు ఎక్కువ, ఒకచోట బెత్తెడు తక్కువ వచ్చాయి. వెడల్పు మూతికి సాళ్లతో పనిలేదు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. ఇంటికొచ్చాక ఆయన, "తిన్నగా వచ్చాయా?" అని అడిగితే, "వచ్చాయి," అంది.

ఆరు సాళ్ల చేలో నాలుగు నోళ్ల మూతి పెడితే రెండో వరసకే అతుకు మూతి మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. సాలు ఉండాల్సిన చోట ముక్కు ఉంటుంది. మూడు నోళ్లయితే ఆ బాధ లేదు, ఆరులో రెండుసార్లు సరిగ్గా వెళ్తుంది, అతుకు ఎప్పుడూ మూతికి బయటే ఉండిపోతుంది. ఇదంతా ఆమె ఒక్క క్షణంలో ఆలోచించింది. ఆలోచించి, ఆయన మొహం చూసి, "పట్టీకి రబ్బరు ఎక్కడ తేను?" అంది.

"గోడౌనులో మూటలెక్కించే బెల్టు మార్చారు కదా, పాతది అడుగు. టైరు ముక్కలు ఎటూ ఉన్నాయి. పళ్లు వాటిలోంచి కోస్తా."

గోడౌనువాళ్లు బెల్టు ఊరికే ఇచ్చారు. అత్త కిటికీ దగ్గర బల్ల వేసి, దానికి రబ్బరుని పట్టి ఉంచే బిగింపు తగిలించి, డ్రిల్లు, రంపపు బ్లేడు, సుత్తి పెట్టింది. ఆయన టైరు ముక్కల్ని ఒక్కో పన్నుగా కోసి, బెల్టుకి రెండేసి బోల్టులతో బిగించాడు. గదంతా కాలిన రబ్బరు వాసన. బోల్టులు చాలకపోతే, "జేబు ఇటు తీసుకురా," అని పిలిచేవాడు. అత్త వెళ్లి జేబు ఆయన ముందు బోర్లించేది. తినే కంచాలు పక్కకి జరిపి అదే బల్ల మీద పనిచేశారు. పోట్లాడుకున్నారు కూడా. పన్ను ఎత్తు ఎక్కువైందని ఆమె, రబ్బరు అరిగితే అదే సరిపోతుందని ఆయన. మబ్బులు వచ్చి పోతున్నాయి. మబ్బు వచ్చినప్పుడల్లా ఇద్దరూ మాట ఆపి పైకి చూసేవాళ్లు. అతుకు సంగతి మాత్రం అత్త నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేది. మూడింటితోనే కోయడం మొదలుపెట్టి ఉంటే ఆపాటికి సగం చేను ఇంటికొచ్చేదని ఆమెకి తెలుసు. తెలిసీ రెండురోజులు పోనిచ్చింది.

ఆయన పట్టీలు చూడ్డానికి మొరటుగా ఉన్నాయి కానీ, తిప్పితే ఎక్కడా తట్టుకోలేదు. నాలుగో నోటికి ఎక్కించారు.

మూతిని మిషన్‌కి తగిలించి చేలోకి దించినప్పుడు ఆకాశం బూడిదరంగులో ఉంది. అత్త మొదటి వరసలోకి పోనిచ్చింది. ఈ మూతికి ఒక పట్టింపు ఉంది, మిషన్ నడక, పట్టీల నడక ఒకటే కావాలి. మిషన్ తొందరపడితే కాడలు ముందుకి పడతాయి, వెనకపడితే పట్టీలు కంకుల్ని తెంపేస్తాయి. అత్త చెప్పులు విప్పేసి, మడమ కాబిన్ రేకు మీద ఆనించి తోలింది. పట్టీలు సరిగ్గా పట్టుకుంటే మడమకి ఒకటే సన్నటి వణుకు తెలుస్తుందట. ముక్కులు వాలిన కాడల కింద దూరాయి. కాడలు నిద్రలేచినట్టు ఒక్కొక్కటే లేచి నిలబడి, అలాగే నిలువునా లోపలికి నడిచిపోయాయి. వెనక నేల మీద కంకులు దాదాపు లేవు. చివరిదాకా వెళ్లి తిరిగింది. ఏమో, రెండోదీ వెళ్తుందేమో అనుకుంది. ఒకవేళ అక్కడ అతుకు తిన్నగానే వచ్చిందేమో.

రాలేదు. కొంతదూరం వెళ్లగానే మడమ కింద వణుకు కాస్తా గుద్దులయింది. రెండు సాళ్లు నోళ్లలోకి, మిగతా రెండూ ముక్కుల మీదకి వచ్చాయి. ముక్కు తగిలిన కాడలు విరిగి, నోటికి అడ్డంపడి, పట్టీలకి చుట్టుకుని, గేరు టకటకా జారడం మొదలుపెట్టింది. దిగి, చేతులతో పీకి, ఎక్కి, మళ్లీ పోనిచ్చింది. మళ్లీ అంతే. వెనక్కి తీసి ఒక బెత్తెడు పక్కకి జరిపి చూసింది. ఈసారి అటువైపు సాళ్లు పడ్డాయి. మూడోసారి పీకుతుంటే మోచేతిదాకా గీరుకుపోయింది. నేలంతా ఎర్రటి కంకులు. తనే తొక్కి పాడుచేసిన కంకులు. కాసేపు ఆ ముక్కు మీదే తల ఆనించి కూర్చుంది. తర్వాత ఇంజిన్ ఆపి ఇంటికి నడిచింది.

కిటికీ తెరిచే ఉంది.

"ఆపేశావేం? తెగిందా? నాదేనా?"

"మీది బానే ఉంది."

"మరి?"

అత్త కిటికీ ఊచలు పట్టుకుంది. "అతుకులు తిన్నగా రాలేదండీ. వచ్చాయని చెప్పాను గానీ, రాలేదు."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు చెప్పాలి, ఈ కిటికీ దేనికనుకున్నావు? మొలకలొచ్చిన రోజే చూశా. పాము మందుకొట్టి ఇంటికి వెళ్లినట్టుంది."

"మరి ఒక్క మాట అనలేదేం?"

"ఏమనమంటావు? ట్రాక్టరు ఒక్కదానివే తోలుకున్నావు, నేనిక్కడ కూర్చుని వంకర అని అంటానా?"

"నాలుగో నోరు పెట్టేటప్పుడైనా అనాల్సింది. నాలుగు వెళ్లదని మీకు తెలుసు."

"తెలుసు." ఆయన ఒళ్లో చేతులు చూసుకున్నాడు. నల్లగా, రబ్బరు మసి ఇంకా వదల్లేదు. "నీకూ తెలుసు కదా. నువ్వెందుకు అనలేదు?"

 పడమట ఉరిమింది. ఇద్దరూ అటు చూశారు.

"పిచ్చిదానివి," అన్నాడు ఆయన.

"మీరేం తక్కువ."

"సరే, వెళ్లు. నాది తీసెయ్. మూడుతో కానివ్వు."

"మీది తియ్యను."

"మళ్లీ మొదలుపెట్టకు. నా మనసు గురించి చూస్తూ కూర్చుంటే చేను..."

"మనసూ లేదు, మన్నూ లేదు. పాతవి ఎప్పుడు తెగుతాయో తెలీదు. తెగితే పాతదాని చోట పాతదే సరిపోతుంది. మీది ఇంకెక్కడా పట్టదు, దాని చోటే దానికి. అటు చివరి నోట్లో పాతవి రెండూ విప్పి చేతిలో ఉంచుకుంటా."

ఆయన వేళ్ల మీద పట్టీలు లెక్కపెట్టుకున్నాడు. "అవును, అదీ నిజమే," అన్నాడు, కాస్త నిరాశగా కూడా, త్యాగం చేసే అవకాశం పోయినట్టు.

అటు చివరి నోరు మూసేసి, దాని ముక్కు దించి, మూతిని మూడు సాళ్లకి సర్ది మళ్లీ చేలో దిగేసరికి సగం రోజు పోయింది. కానీ మిషన్ నడిచింది. మూడు సాళ్లు, తిరిగొచ్చి ఇంకో మూడు. అతుకు ప్రతిసారీ పక్కనుంచి వంకరగా వెళ్లిపోయేది, మూతిని ముట్టుకోకుండా. నడక మాత్రం నత్త నడక. పక్క పొలం అన్నయ్య తన ట్రాలీ తెచ్చి గట్టు పక్కన పెట్టాడు. గింజ అందులో పోసేటప్పుడు అత్తని అడిగాడు.

"ఇది కోత మిషనా చెల్లెమ్మా, కుట్టు మిషనా?"

"మీకు ట్రాలీ నిండడం ఇష్టంలేనట్టుంది అన్నయ్యా."

ఆయన నవ్వలేదు. "నిండాలనే ఉంది," అన్నాడు. "నమ్మకపోతే నీ ఇష్టం." గింజ గుప్పెట్లోకి తీసుకుని చూసి, ట్రాలీ మీద పట్టా సర్దాడు.

చీకటి పడేదాకా కోసింది. తెల్లారగానే మళ్లీ దిగింది. రోడ్డు పక్కనుంచి మొదలైన కోత వాగు వైపుకి జరుగుతోంది. మధ్యాహ్నానికి పాత పట్టీ ఒకటి తెగింది. దాచిన రెండిట్లో ఒకటి ఎక్కించింది. పళ్లు సందుల్లోకి వచ్చాయో లేదో చేత్తో తిప్పి చూసుకుంది. ఇంకో నాలుగు వరసలు అయ్యాక అదీ తెగింది. దాచినవాటిలో ఇంకొకటి. దాన్ని ఎక్కిస్తుంటే మొదటి చినుకు మెడ మీద పడింది.

వానలో కోయకూడదు. తడిసిన కాడ పట్టీకి జారుతుంది, తడిసిన గింజ లోపల అంటుకుపోతుంది. ఆమె ఆగలేదు. అద్దం మీద నీళ్లు, ఎదర ఏమీ కనపడడం లేదు, మడమతోనే తోలింది. మధ్య నోట్లో పట్టీ తెగిపోయింది. వేయడానికి ఇంక ఏమీ లేదు. ఆ సాలు పడిపోతుందని తెలిసీ, పక్క రెండైనా దక్కుతాయని పోనిచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మూడు సాళ్లలో నడిమిది చాపలాగా పరుచుకుంటూ వస్తోంది.  అయినా చివరిదాకా వెళ్లింది. తిరిగేటప్పుడు వెనక చక్రం బురదలో దిగబడింది. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. ప్రతిసారీ ఇంకొంచెం లోతుకి.

ఇంజిన్ ఆపేసింది. మూతి ఎదురుగా కోయని చేను ఇంకా చాలా ఉంది. వాన బరువుకి కాడలు ఒక్కొక్కటే నేలకి దిగుతున్నాయి. చప్పుడేమీ లేదట, అదే భరించలేకపోయానంటుంది అత్త. ఏదైనా విరిగితే చప్పుడవుతుంది, ఇవి విరగలేదు, ఊరికే పడుకున్నాయి. ఆమె కాబిన్‌లోనే కూర్చుని అన్నిటినీ చూసింది. ఇంటివైపు చూస్తే వానలో ముందు గది లైటు కనపడింది. అది వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. కుర్చీలోంచి ఆయనకి అందేది ఆ స్విచ్ ఒక్కటే. ఇంక వచ్చెయ్యమని. ఆమె చాలాసేపు వెళ్లలేదు.

వానలు తెరిపిచ్చాక కళ్లజోళ్లాయన వచ్చాడు. ఈసారి కారు దిగాడు, ప్యాంటు మడిచాడు. రోడ్డు పక్క కోసిన మోళ్లు శుభ్రంగా, వరసగా ఉన్నాయి. వాగు వైపు పడిన చేను నల్లబడింది. దగ్గరికెళ్లి చూస్తే కంకుల నిండా సన్నటి పచ్చటి మొలకలు. మధ్యలో మిషన్ దిగబడిన గోతులు, వాటినిండా నీళ్లు. ఆయన రెండువైపులా చూసి, గోతుల అంచుదాకా నడిచి ఆగాడు.

"కోసినంతమేర నువ్వు చేసుకోమ్మా," అన్నాడు చివరికి. "ఆ గోతుల అవతలది అతనికి ఇస్తాను. మొత్తం ఇవ్వాలనే వచ్చాను. మరి..." మోళ్ల వైపు చెయ్యి చూపించి మాట వదిలేశాడు.

అత్త సరే సార్ అంది. ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. ఇంటికొచ్చి చొక్కా జేబులో బోల్టులన్నీ బల్ల మీద పోసి, ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చుంది. మామయ్య ఏమైందని అడగలేదు. ఆయనకి కిటికీ ఉంది కదా.

పక్క పొలం అన్నయ్య గట్టు వేయించడానికి వచ్చినప్పుడు గోతుల దగ్గర ఆగి, హద్దు తాడు తన వైపుకే జరిపి కట్టించాడు. గోతులు పూడ్చుకుంటే అత్త వైపు ఇంకో మూడు సాళ్ల చోటు వస్తుంది. అత్త చూసింది కానీ ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

మళ్లీ విత్తనాల కాలం వచ్చింది. సగమే పొలం కాబట్టి పని తొందరగానే అయిపోయింది. పాత మూతి ఇప్పుడు షెడ్డు వెనక లేదు, షెడ్డు లోపల ఉంది. మూడు నోళ్లకీ బల్ల మీద తయారైన పట్టీలే. చివరి వరస వేసి, గొర్రు కడిగి, అత్త కిటికీ కిందకి వచ్చి నిలబడింది. మోకాళ్లదాకా మట్టి.

"ఎలా వచ్చాయండీ అతుకులు?"

మామయ్య మెడ చాచి చేను వైపు చూశాడు. దుక్కి తప్ప ఇంకా ఏమీ కనపడదు.

"మొలకలు రానీ. అప్పుడు చెప్తా."

"చెప్తారా?"

"చెప్తాను," అన్నాడు ఆయన.